అప్‌డేట్: సిగ్నల్ దగ్గర ముందుకు పాకుతున్న పాత ఆటోమేటిక్ పికప్ – లోపం దొరికింది

మయూరి జంక్షన్‌లో బ్రేక్ తొక్కిపట్టినా మా పాత పెట్రోల్ పికప్ ముందుకు లాగేస్తోందని అడిగాను కదా, సాల్వ్ అయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. 'ముందు ఐడిల్ ఆర్‌పీఎం (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూడండి' అన్నవారి మాటే నిజమైంది. ఇంజిన్ వేడెక్కాక కూడా 1,200 దగ్గరే ఉంటోంది; మా బండికి 750 చుట్టూ ఉండాలట. విజయనగరంలో మెకానిక్, ఇంజిన్ నుంచి బ్రేక్ బూస్టర్‌కి (ఇంజిన్ పీల్పుతో, అంటే వాక్యూమ్‌తో, బ్రేక్‌ని తేలిగ్గా తొక్కేలా చేసే భాగం) వెళ్లే వాక్యూమ్ గొట్టాన్ని వంచి చూపించాడు: క్లిప్పు కింద సన్నటి చీలిక, చెవి పెడితే బుస్సుమంటోంది. అక్కడినుంచి ఇంజిన్ బయటి గాలి లాగేసి ఐడిల్ పెరిగింది, బూస్టర్‌కి వాక్యూమ్ సరిగా అందక బ్రేకూ రాయిలా బిగుసుకుంది. గొట్టం మార్చాక రెండూ కుదిరాయి. ఈ లోపానికి గేర్ ఆయిల్‌తో గానీ, టార్క్ కన్వర్టర్‌తో (ఇంజిన్ తిప్పుడుని ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి అందించే భాగం) గానీ సంబంధమే లేదు. కన్వర్టర్ మార్చేయమన్న వేరే షెడ్డువాళ్ల మాట వినుంటే జేబు ఖాళీ! 'డి' (డ్రైవ్) గేర్‌లో బ్రేక్ వదలగానే మెల్లగా కదలడం మాత్రం ఇప్పటికీ ఉంది, అది ఆటోమేటిక్‌కి మామూలే.