ఎలక్ట్రిక్ షవర్‌లో నీళ్లు కాసేపు వేడి, కాసేపు చల్లన... ఎందుకిలా?

యూకేలో ఉండేవాళ్లు, ఎలక్ట్రికల్ పని తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్. లండన్‌లో అద్దెకుంటున్నాం, బాత్రూంలో 9.5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ ఉంది, గీజర్‌లా ట్యాంక్ ఉండదు, నీళ్లు పోతుంటే అప్పటికప్పుడు వేడెక్కుతాయి. ఆన్ చేయగానే బానే వస్తాయి, తలకి షాంపూ పెట్టుకునేసరికి ఒక్కసారిగా ఐసు నీళ్లు, కాసేపాగితే మళ్లీ వేడి.

సీలింగ్‌కున్న తాడు స్విచ్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, 40 ఆంప్స్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్) కూడా పడట్లేదు. కిచెన్ ట్యాప్‌లో ప్రెషర్ ఫుల్లు గానీ షవర్ ధార మాత్రం సన్నబడింది, హెడ్ రంధ్రాల చుట్టూ తెల్లగా సున్నం కట్టేసింది, ఇక్కడి నీళ్లు మన బోరు నీళ్లకేం తీసిపోవు. హెడ్ విప్పేసి ఉత్త పైపుతో పెడితే ఇంకాస్త ఎక్కువసేపు వేడిగా వస్తున్నాయి.

అంటే నీళ్లు సరిగ్గా బయటికి పోక లోపల ఓవర్‌హీట్ అయ్యి థర్మల్ కటౌట్ (మరీ వేడెక్కితే హీటర్‌ని ఆపేసే స్విచ్) పడుతోందా, లేక ఆ కటౌటే పోయిందా? హెడ్ వెనిగర్‌లో నానబెడితే చాలా, కొత్తది కొనాలా? ఓనర్‌ని అడిగితే హీట్ తగ్గించి వాడుకోండి అంటాడు, ఈ చలిలో ఎవడు చేస్తాడండి ఆ స్నానం! కవర్ విప్పి నేనైతే చెయ్యి పెట్టను, ఎలక్ట్రీషియన్ వస్తే ముందు ఏం చూడమనాలో చెప్పండి చాలు.