అప్‌డేట్: రెండో సిలిండర్ మిస్‌ఫైర్ పోయింది, అసలు కారణం ఆయిల్ లీక్

పాత పెట్రోల్ కారు ఐడిలింగ్‌లో వణుకుతోందని, స్కానర్‌లో పీ0302 (రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోల్ సరిగా మండట్లేదని చెప్పే కోడ్) వస్తోందని ఇంతకుముందు అడిగాను కదా. సమస్య తీరింది.

స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూడమన్న సలహానే దారి చూపింది. రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదాని మీద పెట్టి, కోడ్ చెరిపేసి, బండి కాసేపే నడిపాను. మిస్‌ఫైర్‌తో ఎక్కువ తిప్పితే కాలని పెట్రోల్ వెళ్లి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని నా టెన్షన్. ఈసారి పీ0303 (మూడో సిలిండర్ మిస్‌ఫైర్ కోడ్) వచ్చింది. అంటే లోపం కాయిల్‌తో పాటే కదిలింది.

కొత్త కాయిల్ బిగించేసి ఊరుకునేవాణ్ణే. కానీ పాతదాని రబ్బరు బూటు ఉబ్బి, చేతికి జిడ్డుగా తగిలింది. దాని పక్కన ఆవగింజంత కాలిన మచ్చ. కరెంటు స్పార్క్ ప్లగ్ దాకా వెళ్లకుండా అక్కడి నుంచే ఇంజిన్ లోహానికి దూకేస్తోంది. టార్చ్ వేసి చూస్తే ప్లగ్ గుంత అడుగున ఆయిల్!

వాల్వ్ కవర్ కింద ఉండే ప్లగ్ ట్యూబ్ సీళ్లు గట్టిపడి లీకవుతున్నాయి. వాటిని మార్చకపోతే కొత్త కాయిల్ కూడా అలాగే పోయేది. ప్లగ్‌లు విప్పకముందే గుంతలోని ఆయిల్ గుడ్డతో పూర్తిగా పీల్చేశాను, లేదంటే అదంతా సిలిండర్‌లోకి జారుతుంది. సీళ్లు, కవర్ గ్యాస్కెట్, 4 ప్లగ్‌లు, ఒక కాయిల్ మార్చాను. రెండు వారాలైంది, చెక్ ఇంజిన్ లైట్ మళ్లీ వెలగలేదు. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.