రెండు పంపులకు కలిపి ఒకే మినిమమ్ ఫ్లో లైన్ ఉంటే ఒక పంపు ఎందుకు చస్తుంది?

హనుమకొండ_మెకానికల్:
అన్నలూ, గేట్ రాసి, అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్నా. పోయిన వారం మాక్ ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న దగ్గర బిక్కమొహం వేశాను. రియాక్టర్ పైపుకు లీకు పడితే లోపలికి నీళ్లు కొట్టడానికి రెండు పంపులు పెడతారు కదా, ఒకటి పాడైనా ఇంకోటి ఉండాలని. ఆ రెండూ మంచిగానే ఉండి, రెండూ స్టార్ట్ అయి, అయినా అందులో ఒకటి నిమిషాల్లో పాడయ్యే ప్రమాదం ఉందని 1988 మేలో అమెరికా అణు భద్రతా సంస్థ ఎన్‌ఆర్‌సీ బులెటిన్ 88-04 ఇచ్చిందట, కారణం చెప్పు అన్నారు. నేను "కావిటేషన్ సార్" (నీళ్లలో ఆవిరి బుడగలు లేచి పంపును దెబ్బతీయడం) అన్నా. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకు పోయారు.
రూముకొచ్చి చదివితే అర్థమైంది ఇంతే: రెండు పంపుల మినిమమ్ ఫ్లో లైన్లు (డెలివరీ మూసుకున్నా పంపులో కొన్ని నీళ్లు కదులుతూ ఉండేలా వెనక్కి తిప్పే సన్న పైపులు) మధ్యలో కలిసి ఒకే పైపుగా వెనక్కి పోతాయి. కలిస్తే ఏమైంది? నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వులు ఉంటాయి కదా? ఇంకో పైపు వేస్తే పోయేదానికి అన్ని ప్లాంట్లకూ బులెటిన్ పంపాలా?

రామగుండం_షిఫ్ట్:
తమ్మీ, నాది థర్మల్, న్యూక్లియర్ కాదు, కానీ పంపు ఎక్కడైనా పంపే. ముందు అసలు సీన్ చూడు. లీకు చిన్నదైతే రియాక్టర్ లోపల ప్రెషర్ వెంటనే పడిపోదు. సిగ్నల్ రాగానే లో ప్రెషర్ పంపులు కూడా స్టార్ట్ అవుతాయి, కానీ లోపలి ప్రెషర్‌ను దాటి నీళ్లు తోయలేవు. అంటే డెలివరీ మూసినట్టే లెక్క. ఇక నీళ్లకు దారి ఆ చిన్న మినిమమ్ ఫ్లో లైనే.
ఇప్పుడు రెండు పంపులూ ఆ ఒక్క సన్న పైపులోకే తోస్తున్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా రెండు పంపులు అచ్చుగుద్దినట్టు ఉండవు, ఒకదాని ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) కొంచెం అరిగి ఉంటుంది. ఫ్లో సున్నాకు దగ్గరగా ఉన్నచోట పంపు కర్వ్ (ఎంత ఫ్లోకు ఎంత హెడ్, అంటే ఎంత ప్రెషర్ ఇస్తుందో చూపే గీత) దాదాపు చదునుగా ఉంటుంది చూడు, అక్కడ హెడ్‌లో రెండు మూడు శాతం తేడా చాలు, బలమైనది కలిసే చోట ప్రెషర్ పెంచి పెడుతుంది, బలహీనమైనది దాన్ని దాటలేదు. నువ్వడిగిన చెక్ వాల్వ్ కాపాడదు, పైగా బలహీన పంపు దారిని మూసేది అదే. వెనక్కి నీళ్లు రాకుండా ఆపుతుంది నిజమే, కానీ ఈ పంపు నీళ్లు పోయే దారి లేక డెడ్ హెడ్‌లో పడుతుంది.
తర్వాత వేడి. కేసింగ్‌లో 100 లీటర్ల నీళ్లున్నాయనుకో, షాఫ్ట్ నుంచి 100 కిలోవాట్లు ఆ నీళ్లలోకే పోతే నిమిషానికి 14 డిగ్రీలు పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 100కు ఐదు నిమిషాలు. ఆ తర్వాత సీలు, బేరింగు, ఏది ముందు పోతుందో దాని ఇష్టం.
మా దగ్గర బాయిలర్ ఫీడ్ పంపులకు దేని రీసర్క్యులేషన్ (మినిమమ్ ఫ్లో) లైన్ దానికే ఉంటుంది, ఫీడ్ నీళ్ల ట్యాంకు డీఏరేటర్‌కు విడిగా పోతుంది. రోజూ చూస్తూ కూడా ఎందుకలా పెట్టారని కొత్తలో నేనూ ఆలోచించలేదు.

నర్సంపేట_బాయికాడ:
గింత లెక్క మాకు తెల్వదు గానీ ఇది మా బాయి దగ్గర అయింది. మాది 5 హెచ్‌పీ, మా చిన్నాయనది 7.5, రెండూ ఒడ్డు మీద మోనోబ్లాకులు. పైపు ఖర్చు కలిసొస్తుందని రెండింటినీ ఒకే లైనుకు కలిపారు. చివర గేట్ వాల్వ్ పూర్తిగా తీస్తే రెండూ పోస్తాయి. మిర్చి చేనుకు తక్కువ నీళ్లు కావాలని ఒకరోజు వాల్వ్ బాగా తిప్పి మూశాం. చిన్నాయన మోటరు పోస్తనే ఉన్నది, మాది ఉత్తగనే తిరుగుతున్నది. అరగంటకు పోయి చూస్తే పంపు మూతి దగ్గర పీవీసీ పైపు మెత్తబడి వంగింది, చెయ్యి పెడితే సుర్రుమన్నది. సీలు పోయింది. మెకానిక్ వచ్చి మోటర్ మంచిదే, జోడీ మంచిది కాదన్నాడు. ఇప్పుడు వేరే పైపు వేసుకున్నాం, అందులో సగం పైసలు చిన్నాయన ఇంకా ఇయ్యలే, అది వేరే పంచాయితీ.

హనుమకొండ_మెకానికల్:
అన్నా, నువ్వు చెప్పింది నాలుగేళ్ల బీటెక్ కంటే బాగా ఎక్కింది 😄 ఒక్క డౌట్. న్యూక్లియర్ ప్లాంట్‌లో మూడు నెలలకోసారి ఈ పంపులకు టెస్టులు చేస్తారు కదా, అందులో దొరకలేదా?

పాతపంపు_మనిషి:
దొరకదు. టెస్టు ఒక్కో పంపుకు విడివిడిగా చేస్తారు. ఒంటరిగా తిరిగితే ఆ పైపంతా దానిదే, బ్రహ్మాండంగా పాస్ అవుతుంది. రెండూ కలిసి, అదీ డెలివరీ మూసుకుపోయిన స్థితిలో తిరిగితేనే లోపం బయటపడుతుంది, అంటే నిజంగా లీకు పడ్డ రోజు. డ్రాయింగ్ మీద రెండు పంపులు, ఆ రోజుకు చేతిలో ఒకటే. ఆ ఒక్కటి వేరే కారణంతో ఆగిందంటే సున్నా. నీ ఇంటర్వ్యూ సార్‌కు కావలసిన ముక్క ఇదే అనుకుంటా.
బులెటిన్‌లో రెండో విషయం కూడా ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. లైను విడిగా ఉన్నా అది సరిపడా పెద్దదేనా అని. పాతకాలంలో నీళ్లు ఎంత వేడెక్కుతాయన్న ఒక్క లెక్కతో 5 నుంచి 15 శాతం ఫ్లో చాలనుకున్నారు. తక్కువ ఫ్లోలో ఇంపెల్లర్ లోపలే నీళ్లు సుడి తిరిగి పంపును కొడతాయి, వైబ్రేషన్ వస్తుంది, ఎక్కువసేపు నడపాలంటే బెస్ట్ ఎఫిషియెన్సీ ఫ్లోలో (పంపు అన్నిటికంటే సమర్థంగా నడిచే ఫ్లో) 25 నుంచి 50 శాతం కావాలని కొందరు తయారీదార్లు తర్వాత చెప్పారు. అంటే మినిమమ్ ఫ్లో మీద చేసే టెస్టే పంపును కొంత అరగదీస్తుంది. దరిద్రం చూడు.
ఇంకో పైపు వేస్తే పోదా అన్నావు. పోతుంది, దేని లైను దానికి, దేని ఆరిఫిస్ (ఫ్లోను కట్టడి చేసే చిన్న రంధ్రం) దానికి పెడితే మొదటి గొడవ తీరుతుంది. కానీ ఏ ప్లాంట్‌లో ఏ పంపు, ఏ పైపు ఎక్కడ కలుస్తుందన్నది అక్కడివాళ్లే గీతలు తీసి వెతకాలి, అందుకే అందరికీ పంపారు. పైపు మార్చడం కుదిరేదాకా ఆపరేటర్ ప్రొసీజర్‌తో నెట్టుకురావచ్చు, ప్రెషర్ దిగట్లేదని తేలగానే ఒక పంపు ఆపి, అవసరమైతే మళ్లీ స్టార్ట్ చేయడం. నాకైతే అది నచ్చదు. అలారాలు మోగుతున్న టైంలో మనిషి గుర్తుపెట్టుకుని ఆపాలి, ఆపింది మళ్లీ స్టార్ట్ కావాలి.

రామగుండం_షిఫ్ట్:
ఒకటి కలుపుతా. విడిగా వేశామని చెప్పిన లైన్లు కూడా ఆరిఫిస్ దాటాక ట్యాంకు దగ్గర మళ్లీ కలుస్తాయి ఒక్కోసారి. కలిసిన చోట పైపు లావుగా ఉండి ప్రెషర్ పెరగకపోతే ఫర్వాలేదు. సన్నగా ఉంటే కథ మొదటికే. డ్రాయింగ్‌లో చివరిదాకా వేలు పెట్టి చూడు.

హనుమకొండ_మెకానికల్:
మా కాలేజ్ ల్యాబ్‌లో రెండు పంపుల ప్యారలల్ రిగ్ ఉంది. ఇవాళ అటెండర్ అన్నను బతిమాలి డెలివరీ వాల్వ్ మెల్లగా మూసుకుంటూ పోయాను. రెండో పంపు రోటామీటర్ (ఫ్లో కొలిచేది) బుడ్డి ముందు ఊగి, తర్వాత కిందికి దిగి కూర్చుంది. మొదటిది ఇంకా పోస్తోంది. అటెండర్ అన్న "ఆపు, కాలిపోతది" అని అరిచాడు, ఆపేశా.