లేజర్‌తో అద్దాలు తీయించుకుందామని ఉంది, చేయించుకున్నవాళ్ళు ఏం జరుగుతుందో చెప్పండి

నరసన్నపేట టీచర్:
అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్ళు, ఇక్కడ ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను. ఆరో తరగతిలో బోర్డు కనపడటం లేదని అద్దాలు పెట్టించారు, అప్పటినుంచి అవే. ఇప్పుడు కుడి కన్ను మైనస్ 5.25, ఎడమది 4.75, రెండిటికీ సిలిండర్ (అడ్డపవర్) 1. మూడేళ్ళుగా పవర్ మారలేదు. పొద్దున్న లేవగానే అద్దాల కోసం మంచమంతా తడుముకోవడం, వానలో స్కూటీ మీద వస్తుంటే ఎదురుగా ఏముందో తెలియకపోవడం, ఇక విసుగొచ్చేసింది.

వైజాగ్‌లో రెండు చోట్ల చూపించుకున్నాను. ఒకచోట లాసిక్ అనే లేజర్ ఆపరేషన్‌తో అయిపోతుంది, రేపే వచ్చేయండి అన్నారు. ఇంకోచోట కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర, మందం 512 మైక్రాన్లు (అర మిల్లీమీటరు) ఉంది, లాసిక్ చేయొచ్చు గానీ మీకు పీఆర్‌కే అనే ఇంకో లేజర్ పద్ధతి మంచిదేమో, ఇంకో పరీక్ష చేసి చెప్తాం అన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. నొప్పి ఎంత ఉంటుంది? లేజర్ పడుతున్నప్పుడు నేను కదిలితే, తుమ్మితే ఏమవుతుంది? ఎన్ని రోజులు సెలవు పెట్టాలి? మా అమ్మ అయితే "ఉన్న చూపుతో ఆటలేటే" అని రోజూ అంటోంది. నాకూ లోపల భయంగానే ఉంది, అందుకే అడుగుతున్నాను.

విజయనగరం, లాసిక్ 2021:
నాది మైనస్ 4. ఆ గదిలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది కాబట్టి వివరంగా రాస్తాను. ఇంజెక్షన్ ఉండదు, కంట్లో మత్తు చుక్కలు వేస్తారు అంతే. రెప్పలు మూయకుండా చిన్న క్లిప్పు పెడతారు, అది కాస్త లాగినట్టుంటుంది. మొదటి లేజర్ కార్నియా పైపొరని మూతలాగా కోస్తుంది, దాన్నే ఫ్లాప్ అంటారు. అప్పుడు కంటి మీద గట్టిగా అదిమినట్టు ఉండి కొన్ని సెకన్లు చూపు మసకై చీకటి పడుతుంది. నేను భయపడిపోయింది ఆ ఒక్క క్షణమే, ఎందుకంటే నాకెవరూ ముందు చెప్పలేదు. మీరు మాత్రం అది మామూలేనని గుర్తుపెట్టుకోండి. తర్వాత ఫ్లాప్ పైకి తీస్తే ఎదురుగా ఉన్న లైటు నీళ్ళలోంచి చూసినట్టు చెదిరిపోతుంది, ఆ లైటు వైపే చూస్తూ ఉండమంటారు. రెండో లేజర్ టకటకమని చప్పుడు చేస్తుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది. కన్ను కాలిపోతోందేమో అనిపిస్తుంది గానీ అది వేడితో కాల్చే లేజర్ కాదు, 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, తగిలిన చోట కణజాలం సన్నటి ఆవిరిలా లేచిపోతుంది, ఆ వాసన దానిదే. ఒక్కో కంటికి ఆ చప్పుడు అర నిమిషం కూడా లేదు.

కదిలితే ఏమవుతుందన్నారు కదా, మెషిన్‌లో కంటి కదలికని వెంటాడే ట్రాకర్ ఉంటుంది, చిన్నగా కదిలితే దానితో పాటే జరుగుతుంది, మరీ పక్కకి పోతే లేజర్ దానంతటదే ఆగిపోతుంది. తుమ్ము వచ్చేట్టుంటే నోటితో చెప్పండి, ఆపుతారు.

మత్తు దిగాక నాలుగైదు గంటలు కిలో ఉల్లిపాయలు తరిగినట్టు మంట, నీళ్ళు. కళ్ళు మూసుకుని పడుకోండి. మర్నాడు పొద్దున్న చెకప్‌కి తప్పకుండా వెళ్ళాలి, కాబట్టి ఆ రాత్రి నరసన్నపేట తిరిగి రావద్దు, వైజాగ్‌లోనే ఉండండి. నేను ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో ఉన్నాను. తెల్లారి కిటికీ తీస్తే ఎదురు షాపు బోర్డు మీద ఫోన్ నంబరు కనిపించింది, రెండుసార్లు చదువుకున్నాను, అద్దాలు పెట్టుకున్నానేమో అని ముక్కు తడుముకున్నాను కూడా.

అయితే అక్కడితో అయిపోలేదు. నాలుగు నెలలు కళ్ళు పొడిబారి ఇసుక పడ్డట్టుండేవి, ఫోన్ చూస్తే ఇంకా ఎక్కువ. రాత్రి హైవే మీద లారీ లైట్ల చుట్టూ పెద్ద వలయాలు కనపడేవి, నెమ్మదిగా తగ్గాయి. మొదటి వారం కంట్లోకి నీళ్ళు పోనివ్వలేదు, రాత్రి కళ్ళకి ప్లాస్టిక్ కవచం కట్టుకుని పడుకున్నాను, ఎందుకంటే నిద్రలో నలిపితే ఫ్లాప్ జరిగిపోతుంది.

బొబ్బిలి, పీఆర్‌కే:
పైన రాసినంత తేలిగ్గా నాది గడవలేదు, అది కూడా తెలియాలి మీకు. పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు, పైనున్న పల్చటి పొరని తుడిచేసి లేజర్ కొడతారు, ఆ పొర మళ్ళీ పెరగాలి, దానికి నాలుగైదు రోజులు పడుతుంది. అప్పటిదాకా కట్టులాగా ఒక కాంటాక్ట్ లెన్స్ పెట్టి ఉంచుతారు. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు, మూడో రోజు మాత్రం చాలా కష్టం, లైటు చూడలేం, గదికి దుప్పట్లు కట్టించుకుని పడుకున్నాను, నొప్పి మాత్రలు వేసుకున్నా ఆ మంట పూర్తిగా పోలేదు. లెన్స్ తీసేశాక కూడా చూపు వెంటనే రాలేదు, రెండు వారాలు మసక మసకగా, ఒక రోజు బాగుండి ఒక రోజు తగ్గుతూ, సరిగ్గా రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు వారాల్లో "పాడుచేసుకున్నానా" అని ఏడ్చాను. ఇప్పుడు 6/6, అంటే అద్దాల్లేకుండానే పూర్తి చూపు ఉంది.

మీరు టీచర్ కాబట్టి నా సలహా, వేసవి సెలవులు మొదలైన వారంలోనే చేయించుకోండి. పేపర్లు దిద్దడం లాంటి దగ్గరి పని మొదట్లో చాలా ఇబ్బంది. కాకపోతే మన ఎండలు తెలుసు కదా, పీఆర్‌కే తర్వాత ఎండ తగిలితే కార్నియా మీద పొగలాంటి మసక వచ్చే ప్రమాదం ఉంది, బయటికి వస్తే మంచి చలువ కళ్ళద్దాలు ఉండాల్సిందే. ఇంకొకటి, ఆపరేషన్ తర్వాత వేసుకోమని ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు. బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపకండి, బాగా పనిచేస్తున్నాయని మెడికల్ షాపులో కొనుక్కుని ఎక్కువ రోజులు వేయకండి, కంటి లోపల ప్రెషర్ పెరుగుతుంది.

శ్రీకాకుళం ఆప్టోమెట్రిస్ట్:
అమ్మా, "రేపే వచ్చేయండి" అన్న మాట నాకు నచ్చలేదు. మీ అంకెలు మీరే వేసి చూసుకోండి, లెక్కల టీచరే కదా. ఒక్కో పవర్‌కి లేజర్ సుమారు 14, 15 మైక్రాన్లు తీస్తుంది. మీ కుడి కంటికి సిలిండర్‌తో కలిపితే దాదాపు 90. లాసిక్ ఫ్లాప్ మందం 110 అనుకుంటే, 512లోంచి ఈ రెండూ పోగా 312 మిగులుతుంది. కింద కనీసం 250 ఉండాలన్నది పాత లెక్క, 300 ఉంటే మంచిదని ఇప్పుడు చాలామంది డాక్టర్లు చూసుకుంటారు. అంటే అంకె ప్రకారం సరిపోతుంది గానీ వెసులుబాటు తక్కువ. ఫ్లాప్ లేని పీఆర్‌కేలో ఎక్కువ మిగులుతుంది, రెండోచోట డాక్టర్ అన్నది అందుకే. స్మైల్ అని ఇంకో పద్ధతి ఉంది, అందులోనూ ఫ్లాప్ ఉండదు, మీకు కుదురుతుందేమో అడగండి.

మందం కంటే ముఖ్యమైనది కార్నియా మ్యాపు, అంటే టోపోగ్రఫీ. కెరటోకోనస్ అనే జబ్బు మొదలవుతున్న కంటికి లేజర్ చేస్తే కార్నియా బలహీనపడి ముందుకి ఉబ్బిపోతుంది, అది వెనక్కి రాదు. చిన్నప్పటినుంచి దురదతో కళ్ళు బాగా నలిపే అలవాటుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. పెళ్ళిళ్ళకి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటారా? సాఫ్ట్ లెన్స్ అయితే పరీక్షకి ఒకటి రెండు వారాల ముందే ఆపాలి, లేకపోతే మ్యాపు తప్పు వస్తుంది. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని కంటి వెనక ఉండే రెటీనా పొర చూపించుకోండి, ఆ రోజు కొన్ని గంటలు మసకగా ఉంటుంది, తోడు లేకుండా వెళ్ళొద్దు. గర్భం ఉన్నా, పాలిస్తున్నా ఇప్పుడు వద్దు.

ఇంకో మాట, అద్దాలు పోయినా లోపల అది మైనస్ కన్నే, రెటీనాకి ఉండే ప్రమాదం పోదు. ఏడాదికోసారి చూపించుకోండి. నలభై దాటాక చదవడానికి అద్దాలు అందరిలాగే వస్తాయి. ఆపరేషన్‌కి ముందు రిపోర్టులన్నీ బీరువాలో జాగ్రత్తగా దాచండి, ముసలితనంలో శుక్లాల ఆపరేషన్‌కి లెన్స్ పవర్ లెక్క కట్టడానికి అవి చాలా ఉపయోగపడతాయి.

రాజాం నుంచి:
ఈ మేడమ్‌కి సంబంధం లేదు గానీ ఇది చదివే తమ్ముళ్ళ కోసం రాస్తున్నాను. మా జిల్లాల్లో రైల్వే, ఆర్మీ, పోలీస్ ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు ఎక్కువ. అద్దాలుంటే ఉద్యోగం రాదని లేజర్ చేయించుకోకండి ముందు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కి లాసిక్ చేయించుకున్నవాళ్ళు అనర్హులని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. మా చిన్నాన్న కొడుకు లాసిక్ చేయించుకుని, రాతపరీక్ష పాసై కూడా మెడికల్ పరీక్షలో ఫెయిలయ్యాడు, ఇంట్లో వారం రోజులు ఎవరూ మాట్లాడుకోలేదు. మిగతా ఉద్యోగాలకి ఒక్కోదానికి ఒక్కో రూలు, మీ నోటిఫికేషన్‌లో మెడికల్ పేజీ చదివాకే నిర్ణయించుకోండి.

నరసన్నపేట టీచర్:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. అంకెలు కాగితం మీద వేసి అమ్మకి చూపించాను, ఆవిడకి 312 అర్థం కాలేదు గానీ నేను గుడ్డిగా వెళ్ళడం లేదని అర్థమైంది. మొదటి చోటికి వెళ్ళను. రెండోచోట మిగతా పరీక్షలు చేయించుకుని, వాళ్ళు పీఆర్‌కే అంటే ఏప్రిల్ ఆఖరులో చేయించుకుంటాను. రెండు చిన్న సందేహాలు. స్కూల్ వాళ్ళ ఇన్సూరెన్స్ ఉంది, దీనికి డబ్బులు వస్తాయా? అమ్మ అరసవల్లి మొక్కుకుంది, ఆపరేషన్ అయిన వెంటనే తీసుకెళ్ళి పుష్కరిణిలో తలస్నానం చేయించాలంటోంది.

శ్రీకాకుళం ఆప్టోమెట్రిస్ట్:
ఇన్సూరెన్స్ రాదమ్మా, 7.5 కంటే తక్కువ పవర్‌కి దాదాపు ఏ పాలసీ ఇవ్వదు. అరసవల్లికి ఆపరేషన్ ముందే వెళ్ళి రండి, కళ్ళ కోసమే కదా అక్కడికి అంతమంది వస్తారు. తర్వాత అయితే దర్శనం వరకే, అదీ రద్దీ లేని రోజు, చలువ కళ్ళద్దాలతో. పుష్కరిణి స్నానం మాత్రం కనీసం నెల దాటాక, అదీ డాక్టర్ సరే అన్నాకే. ఈలోగా తలస్నానం ఇంట్లోనే, వారం తర్వాత, తల వెనక్కి వంచి అమ్మని పోయమనండి.