మామ్మ పుస్తకాన్ని ఒడియా అక్షరాల్లోకి ఎత్తిరాయొచ్చా?

పర్లాకిమిడి అబ్బాయి:
మా మామ్మ పోయి రెండేళ్ళయింది. ఇల్లూ పొలం నాన్నా బాబాయిలూ పంచుకున్నారు. ఎవరూ అడక్క నా దగ్గర మిగిలింది ఒక బౌండు పుస్తకం. కిరాణా పద్దులు, చీటీ బాకీలు, ఎవరెప్పుడు పుట్టారో, మధ్యలో ఆవకాయ కొలతలు. అన్నీ ఆవిడ చేతిరాతే. నూనె పీల్చి ఆవకాయ పేజీ అవతలి వైపు కనిపించేలా అయిపోయింది.

మామ్మ అక్షరాలు దిద్దేనాటికి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఇటు వచ్చింది. ఆవిడ రాత మాత్రం ఎటూ పోలేదు. నాన్న తెలుగూ ఒడియా రెండూ రాస్తారు. నేను తెలుగు చదువుతాను, రాయాలంటే ఒత్తుల దగ్గర టెన్షన్ (ఇదీ ఫోన్‌కి చెప్పి టైప్ చేయించిందే). మా అమ్మాయి ఏడో తరగతి. ఇంట్లో గలగలా తెలుగే, అక్షరం ముక్క రాదు. మామ్మ రాత చూసి "జిలేబీలు" అని నవ్వింది.

అందుకే ఒడియా అక్షరాల్లోకి ఎత్తిరాసి ఇద్దామనుకున్నా. "అప్పుడది మా అమ్మ పుస్తకం ఎలా అవుతుందిరా" అన్నారు నాన్న. మీరేమంటారు? ఇంకోటి, "ముక్కలు కుం 1, ఆవపిండి మా 1, కారం మా 1, ఉప్పు మా 1" అని ఉంది. ఈ "మా" ఏంటి?

బరంపురం తాత:
కుంచం, మానిక నాయనా. కుంచానికి నాలుగు మానికలు. నాలుగు గిన్నెల ముక్కలకి తక్కినవి తలో గిన్నె. నూనె రాయలేదంటే కంటి అంచనాతో పోసేదన్నమాట.

లిపి గురించి అంత బాధెందుకు? మీ ఊళ్ళోనే పంతులుగా చేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాషకి తెలుగు అక్షరాల్లోనే పుస్తకాలు రాశారు. మన అక్షరాలు ఒకరికి అరువిచ్చాం, ఇంకొకరి దగ్గర తెచ్చుకుంటే తప్పా? రాసెయ్.

సిరొంచ నుంచి:
మా ఫ్యామిలీ గ్రూపులో తెలుగంతా మరాఠీ అక్షరాల్లోనే. పని జరుగుతుంది కానీ ఎ, ఏ ఒకటే, ఒ, ఓ ఒకటే. తమ్ముడు "మెడ పట్టేసింది" అని పెడితే, అత్త ఫోన్ చేసి "మేడ ఎవరు పట్టేశార్రా" అని కంగారుపడింది.

పర్లాకిమిడి అబ్బాయి:
ఒడియాలోనూ అదే గోల. పైగా అక్కడ "అ"ని "ఒ" అని పలుకుతారు కదా, ఒక పేజీ రాసిస్తే పిల్ల "మానిక"ని "మానికొ" అని చదివింది. మామ్మ వింటే వీపు మీద ఒకటి వేసేది.

రాయగడ పిన్ని:
పుస్తకమంతా ఎందుకు బాబూ? ఆవకాయ పేజీ ఒక్కటి తెలుగులోనే నేర్పు. అందులో ఉన్న అక్షరాలు చాలు ముందు. మా పిల్లలకి నేను రేషన్ సరుకుల చీటీతోనే నేర్పాను.

పర్లాకిమిడి అబ్బాయి:
పది రోజుల తర్వాత రాస్తున్నా. ఆవకాయ పేజీ అయింది. నిన్న పుట్టిన తేదీల దగ్గర తన పేరు తనే వెతికి పట్టుకుంది. పక్కన మామ్మ "రాత్రి వాన" అని రాసి ఉంది. నేను నోరు తెరిచేలోపే "వాన" అని చదివేసింది. "రాత్రి" దగ్గర ఒత్తులో ఆగిపోయింది, అది మా నాన్నని అడిగింది.