మిర్చి యార్డు వార్త కాపీయేనా? చిన్న పత్రికని ఇంత తిట్టుడు న్యాయమేనా?

హన్మకొండ పాఠకుడు:
వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల తేమ పేరు చెప్పి మిర్చి ధర కోస్తున్నరని ఒక పెద్ద పేపర్ జిల్లా ఎడిషన్‌ల మంగళవారం వార్త వచ్చింది. గురువారం అదే వార్త మన ఊరి చిన్న దినపత్రికల 'మా ప్రతినిధి' అని పడ్డది. పేరు రాయను, తెలిసినోళ్లకు తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన. ఇంట్రో మార్చిండ్రు, అంతే. మూడో పేరాల 'నిన్న సోమవారం యార్డుకు వచ్చిన బస్తాలు' అని అట్లనే ఉంది. గురువారం పేపర్‌ల నిన్న సోమవారం ఎట్లైతది? నేనైతే దొంగతనమే అంటాన.

పాత డెస్కు మనిషి:
ఆగు తమ్మీ. కలెక్టరేట్ ప్రెస్‌నోట్ అయితే అన్ని పేపర్లలో ఒకే తీరుగా వస్తుంది, దాన్ని ఎవరూ కాపీ అనరు. ధర, తేదీ, జరిగిన సంగతి ఎవరి సొత్తూ కాదు. రాసిన తీరు మీదే హక్కు. ఆ వార్తలో ఉన్న రైతుతో మాట్లాడిందెవరు? అది తేలాలి.

చిన్న పత్రిక దోస్తు:
ఇద్దరు మనుషులు సాయంత్రానికి నాలుగు పేజీలు నింపాలె. యాడ్స్ వచ్చేది పండుగలకు, లీడర్ల బర్త్‌డేలకు. మా వార్త పెద్ద పేపరోళ్లు ఎత్తుకపోయిననాడు ఇట్ల పోస్టు పెట్టినోడు ఒక్కడన్న ఉన్నడా?

యార్డు కంట్రిబ్యూటర్:
రైతుతోని మాట్లాడింది నేను, ఆ పెద్ద పేపర్‌కు రాస్త. నాకు బైలైన్ లేదు, అంటే వార్త మీద నా పేరు పడదు, లైన్ల లెక్కన పైసలు. ఆ రైతుకు అడ్తి (కమీషన్ వ్యాపారి) దగ్గర అప్పున్నది, నోరు తెరుస్తనే భయపడ్డడు. వార్త పడ్డ పొద్దునే ఫోన్ చేసి ఊరి పేరు తీసెయ్యమన్నడు. మా వెబ్‌సైట్‌ల అదే రోజు తీయించిన. ఈ చిన్న పత్రికోళ్లు పాతది ఎత్తి రాసుకున్నరు, ఊరి పేరుతో సహా. ఇప్పుడు అడ్తి ఆయన్ని పిలిచి అడుగుతుండు. నేనెవరికి చెప్పుకోవాలె?

పాత డెస్కు మనిషి:
ఇది మాత్రం తప్పే. వర్తమాన ఆర్థిక, రాజకీయ, సామాజిక విషయాల మీద వచ్చిన వ్యాసాన్ని, రాసినవాళ్లు హక్కు ప్రత్యేకంగా అట్టిపెట్టుకోకపోతే, మరో పత్రిక తిరిగి వేసుకోవచ్చని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. దాన్ని పట్టుకుని 'మా ప్రతినిధి' అని వేసుకోమని ఎవరూ చెప్పలేదు. ఇతరుల రాతను తనదిగా చూపడం వృత్తి నీతికి విరుద్ధమని, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. కౌన్సిల్ మందలిస్తుంది, అభిశంసిస్తుంది, జరిమానా వేయలేదు. అక్కడికి పోయేముందు ఎడిటర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. పెద్ద పేపర్లు ఎత్తుకుపోతాయన్నది నిజమే, నా కళ్లతో చూశాను. అయినా ఇక్కడ ఇరుక్కున్నది పెద్ద పేపర్ కాదు, రైతు.

యార్డు కంట్రిబ్యూటర్:
ఉత్తరం పొద్దునే ఇచ్చిన సార్. నాకు పైసలొద్దు. ఊరి పేరు తీయాలె, సవరణ వెయ్యాలె.

చిన్న పత్రిక దోస్తు:
ఊరి సంగతి మాకు తెల్వదన్నా. ఎడిటర్‌తోని మాట్లాడి వెబ్‌ల తీయిస్త. పీడీఎఫ్ అయితే వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతనే ఉంది, దాన్ని ఆపుడు నాతోని కాదు. సవరణ మొదటి పేజీల పడుతదని మాత్రం మాటియ్యను.