వీపీఎన్ కనెక్ట్ అయితది, సర్వర్ ఓపెన్ కాదు – స్టాటిక్ ఐపీ కొనాల్నా?

నయీంనగర్ నైట్‌షిఫ్ట్:
మాది హనుమకొండ. వారం కింద కేబుల్ ఆయన పాత రౌటర్ తీసి కొత్త ఫైబర్ డబ్బా పెట్టిండు. అప్పటిసంది ఆఫీసు వీపీఎన్‌తోని (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లకు పోయే దారి) తిప్పలే. ‘కనెక్టెడ్’ అని పచ్చగ చూపిస్తది, ఫైల్ సర్వర్ మాత్రం ఓపెన్ కాదు. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే అంత మంచిగనే నడుస్తది. ఆఫీసోళ్లు ‘నీ నెట్ బాలేదు, స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని నెట్ అడ్రస్) తీస్కో’ అంటున్నరు. కేబుల్ ఆయనేమో ‘యూట్యూబ్ వస్తుంది గదా సార్’ అని ఫోన్ పెట్టేస్తడు. ఎవల మాట నమ్మాలె?

కాజీపేట జంక్షన్:
స్టాటిక్ ఐపీ తీస్కో తమ్మీ. ఇప్పుడు ఒక్క పబ్లిక్ ఐపీ కిందనే బోలెడు ఇండ్లను కట్టేస్తున్నరు. దాన్నే సీజీనాట్ అంటరు. రౌటర్‌ల వ్యాన్ అడ్రస్ (నెట్ కంపెనీ ఇచ్చే బయటి అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యల ఉంటే నువ్వు గూడ దాని కిందున్నట్టే. నేను నెలనెలా పైసలు కడుతున్న, నాకు బాగైంది.

ఓరుగల్లు సర్వర్‌రూమ్:
అన్నా, గది ఉత్త ఖర్చు. మొబైల్ నెట్ గూడ ఎక్కువ శాతం సీజీనాటే, మరి హాట్‌స్పాట్‌ల ఎట్ల నడుస్తుంది? వీపీఎన్ మన దిక్కు నుంచి బయటికి పోయేది, మామూలుగ సీజీనాట్ దానికి అడ్డం రాదు. ఐపీసెక్ (ఒక రకం వీపీఎన్) వాడే యూడీపీ 500, 4500 పోర్టులు (డేటా పోయే దర్వాజలు) ఆపేస్తే అసలు కనెక్టే కాదు, తమ్మీకి అయితుంది గదా. ఫలానా ఐపీలనే రానిస్తమని ఆఫీసు ఫైర్‌వాల్‌ల పెట్టుకుంటే స్టాటిక్ కొనాలె, లేకుంటే ఎందుకు?
తమ్మీ, ల్యాప్‌టాప్‌ల కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టు. వైఫై అడ్రస్, సర్వర్ అడ్రస్ రెండూ చెప్పు.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్:
వైఫై 192.168.1.7. సర్వర్ 192.168.1.20.

ఓరుగల్లు సర్వర్‌రూమ్:
దొరికింది దొంగ. ప్రతి ఊర్ల ఒక గాంధీనగర్ ఉంటది గదా, గట్లనే ఇది. ఆఫీసుదీ 192.168.1, మీ ఇంటిదీ 192.168.1. సర్వర్ పక్క గదిలనే ఉన్నదనుకొని ల్యాప్‌టాప్ నీ వైఫైలనే దేవులాడుతుంది, టన్నెల్ (వీపీఎన్ దారి) దిక్కు పోతనే లేదు. పాత రౌటర్ 192.168.0 అయ్యుంటది, అందుకే అప్పుడు నడిచింది. కొత్త డబ్బాల ల్యాన్ (ఇంటి లోపలి) అడ్రస్ 192.168.77.1 పెట్టి రీస్టార్ట్ చెయ్.

పరకాల పోరడు:
అందరికీ ఇదే అనుకోకున్రి. నాకు లాగిన్ అయినంక పెద్ద ఫైలు ఏది తెరిచినా ఆగిపోయేది. మాది పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తోని కనెక్టయ్యే) లైను, ఒక్క ప్యాకెట్‌ల పట్టే 1500 బైట్లలకెల్లి 8 అదే తింటది. ఎంత పెద్ద ప్యాకెట్ పోతదో చూద్దామని కమాండ్ కొడితే ‘పింగ్ -ఎఫ్ -ఎల్ 1464’ పోయింది, 1472 పోలేదు. వీపీఎన్ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ సైజు హద్దు) 1350కి తగ్గిస్తే సాఫైంది.

కాజీపేట జంక్షన్:
అన్ని మాటలు సరే గని, నాకు స్టాటిక్ ఐపీతోనే బాగైంది.

ఓరుగల్లు సర్వర్‌రూమ్:
స్టాటిక్ ఇచ్చిన్నాడు రౌటర్ గూడ మార్చిన్రా అన్నా?

కాజీపేట జంక్షన్:
...మార్చిన్రు.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్:
77 పెట్టిన, సర్వర్ ఓపెన్ అయింది! గని ఇంట్ల ప్రింటర్ పనిజేస్తలేదు. దానికి పాత ఐపీనే ఫిక్స్ చేసి పెట్టిన్నట. పొద్దున బాపు బిల్లులు ప్రింట్ తియ్యాలె, లేశేలోపు అది గూడ మార్చాలె.